రాయ్‌పూర్ పెళ్లి సంబంధాల్లో ఒక జన్యువు

పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ఏమేం అడుగుతారు? కులం, గోత్రం, నక్షత్రం, చదువు, జీతం, ఆస్తిపాస్తులు. ఛత్తీస్‌గఢ్ మైదాన ప్రాంతంలో, ముఖ్యంగా రాయ్‌పూర్ చుట్టుపక్కల, ఈ వరసలో ఇంకో ప్రశ్న కూడా ఉండాలని వైద్యులు ఏళ్లుగా చెబుతున్నారు: "అబ్బాయికీ అమ్మాయికీ సికిల్ పరీక్ష చేయించారా?"

ప్రేమకూ జన్యువులకూ సంబంధం అనగానే చాలామందికి గుర్తొచ్చేవి వేరే విషయాలు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 1995లో జరిగిన చెమట చొక్కాల ప్రయోగం బాగా ప్రచారం పొందింది. మగవాళ్లు రెండు రాత్రులు వేసుకున్న టీషర్టులను అమ్మాయిలకు వాసన చూపించారు. రోగనిరోధక జన్యువులు తమకన్నా భిన్నంగా ఉన్నవాళ్ల వాసనే అమ్మాయిలకు ఎక్కువగా నచ్చిందని తేల్చారు. వినడానికి బాగుంది. కానీ తర్వాత జరిగిన ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. పైగా మన దగ్గర పెళ్లి సంబంధాలు ఖాయం చేసేది చెమట వాసన కాదు, పెద్దలు. ఒక జన్యువు పెళ్లిని, కాపురాన్ని, అత్తాకోడళ్ల మధ్య మాటను, అన్నాచెల్లెళ్ల బంధాన్ని ఎలా మారుస్తుందో నిజంగా చూడాలంటే రాయ్‌పూర్‌ను చూడాలి.

ఒక్క అక్షరం తేడా

రక్తానికి ఎరుపు రంగునిచ్చే హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అనే భాగం ఉంటుంది. అందులో 146 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దాన్ని తయారుచేసే జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంది. ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే, గొలుసులో ఆరో స్థానంలో ఉండాల్సిన గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది. గ్లుటామిక్ ఆమ్లం నీటితో కలిసిమెలిసి ఉండే రకం. వాలీన్ నీటిని తప్పించుకుని దాక్కునే రకం. కణంలో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఒక హిమోగ్లోబిన్ అణువులోని వాలీన్ పక్క అణువులోని ఒక గుంటలోకి సరిగ్గా ఇమిడిపోతుంది. దానికి ఇంకొకటి, ఆ పైన మరొకటి అతుక్కుంటూ పోతే పొడవాటి పోగులు ఏర్పడతాయి. గుండ్రంగా, మెత్తగా, సన్నటి రక్తనాళాల్లోంచి కూడా వంగి దూరిపోవాల్సిన ఎర్ర కణం ఆ పోగుల వల్ల బిగుసుకుపోయి కొడవలి ఆకారంలోకి మారుతుంది. మామూలు ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. కొడవలి కణం 10 నుంచి 20 రోజులకే చితికిపోతుంది.

రక్తం తగ్గిపోవడం ఇందులో ఒక భాగమే. రోగిని కుంగదీసేది నొప్పి. బిగుసుకుపోయిన కణాలు నాళాల్లో ఇరుక్కున్నచోట రక్తం అందక ఎముకలు, కీళ్లు, ఛాతీ భరించలేనంతగా నొప్పి పుడతాయి. చిన్నపిల్లల్లో చేతివేళ్లు, కాలివేళ్లు వాస్తాయి. ప్లీహం దెబ్బతినడంతో అంటువ్యాధులు తేలిగ్గా పట్టుకుంటాయి. కొందరికి పక్షవాతం కూడా వస్తుంది.

అమెరికా వైద్యుడు జేమ్స్ హెరిక్ 1910లో ఈ కణాల ఆకారాన్ని మొదటిసారి వర్ణించాడు. ఇది హిమోగ్లోబిన్ అణువులోని లోపమని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపించింది. జబ్బుకు కారణం అణువులోనే ఉందని నిరూపించిన మొదటి ఉదాహరణ ఇదే. అదే ఏడాది జేమ్స్ నీల్ దీని వంశపారంపర్య లెక్కను తేల్చాడు. భారతదేశంలో ఈ కణాల గురించిన తొలి నివేదికలు 1952లో నీలగిరి ఆదివాసుల నుంచి, అస్సాం తేయాకు తోటల కూలీల నుంచి వచ్చాయి.

నీల్ తేల్చిన లెక్క ఇదీ. ప్రతి ఒక్కరికీ ఈ జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. రెండూ మారినవైతే జబ్బు. ఒకటి మాత్రమే మారినదైతే ఆ మనిషి వాహకుడు. వాహకులకు సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు. పొలం పని చేస్తారు, ఉద్యోగాలు చేస్తారు, తమలో ఈ జన్యువు ఉందని తెలియకుండానే ముసలివాళ్లవుతారు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

దీన్ని చాలామంది "నలుగురిలో ఒకరికి వస్తుంది, మిగిలిన ముగ్గురికీ రాదు" అని అర్థం చేసుకుంటారు. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కదా, ఇక భయం లేదనుకుంటారు. నాణేనికి జ్ఞాపకశక్తి ఉండదు, ప్రతి కాన్పూ కొత్త నాణేమే. ముగ్గురు పిల్లలు పుడితే ముగ్గురూ జబ్బు లేకుండా ఉండే అవకాశం 64లో 27, అంటే 42 శాతం. కనీసం ఒక్కరికైనా జబ్బు వచ్చే అవకాశం 58 శాతం.

మేనరికాలు లేనిచోట ఈ జబ్బెలా?

తెలుగువాళ్లకు సహజంగా వచ్చే సందేహం ఇది. వంశపారంపర్య జబ్బు అనగానే మనం మేనరికాన్ని తలుచుకుంటాం. రాయ్‌పూర్ మైదానంలోని సాహు, కుర్మీ వంటి కులాల్లో ఉత్తరాది పద్ధతి ప్రకారం గోత్రం చూసి, దగ్గరి చుట్టరికాన్ని వదిలేసి సంబంధం కలుపుకుంటారు. మేనమామ కూతురు అక్కడ చెల్లెలి వరసే. అయినా ఈ జన్యువు ఆ కులాల్లో కూడా గణనీయంగా ఉంది. ఇది ఆదివాసుల జబ్బు మాత్రమే అన్న మాట ఛత్తీస్‌గఢ్‌లో చెల్లదు.

రాయ్‌పూర్‌లోని పండిత్ జవహర్‌లాల్ నెహ్రూ స్మారక వైద్య కళాశాల వైద్యుడు పి.కె. పాత్ర, ఆయన సహచరులు 2011లో ఒక పెద్ద సర్వే ఫలితాలను ప్రచురించారు. మూడున్నర లక్షల మందికి పైగా పరీక్షించగా 9.3 శాతం వాహకులు, 0.21 శాతం రోగులు తేలారు. ఈ రెండు అంకెల మధ్య సంబంధాన్ని కాగితం మీద చూడండి. వందకు 9.3 మంది వాహకులైతే, యాదృచ్ఛికంగా కలిసిన జంటలో ఇద్దరూ వాహకులయ్యే అవకాశం 0.093ను 0.093తో గుణిస్తే వస్తుంది. దాన్ని నాలుగుతో భాగిస్తే పుట్టే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 0.216 శాతం. సర్వేలో కనిపించింది 0.21 శాతం.

భౌతికశాస్త్రం చదువుకున్నవాళ్లకు ఇలాంటి పొందిక చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అంతలోనే మురిసిపోకూడదు. ఇక్కడ రెండు విషయాలు ఎదురెదురుగా పనిచేస్తున్నాయి. చిన్నతనంలోనే చనిపోయిన పిల్లలు సర్వే లెక్కలోకి రారు, దాంతో రోగుల శాతం తగ్గుతుంది. మరోవైపు పెళ్లిళ్లు నిజంగా యాదృచ్ఛికంగా జరగవు, కులంలోనే జరుగుతాయి. అది రోగుల శాతాన్ని పెంచుతుంది. ఎలాగంటే, ఒక ఊళ్లో సమాన సంఖ్యలో రెండు కులాలున్నాయి అనుకుందాం. ఒకదాంట్లో 20 శాతం వాహకులు, రెండోదాంట్లో ఎవరూ లేరు. ఊరి సగటు 10 శాతం. కులం చూడకుండా పెళ్లిళ్లు జరిగితే పుట్టే పిల్లల్లో 0.25 శాతానికి జబ్బు వస్తుంది. కులంలోనే జరిగితే మొదటి కులంలో 1 శాతం, రెండోదాంట్లో సున్నా, ఊరి మొత్తం మీద 0.5 శాతం. జన్యువుల సంఖ్య మారలేదు. పెళ్లి కట్టుబాటు మారగానే రోగుల సంఖ్య రెట్టింపయింది.

మరి మేనరికం సంగతి? అది ఎంత హాని చేస్తుందన్నది జన్యువు ఎంత అరుదైనదో దాన్నిబట్టి ఉంటుంది. ఒక వ్యక్తిలో మారిన జన్యువు ఉంటే, అతని మేనత్త కూతురిలో అదే జన్యువు తాతమ్మల నుంచి వచ్చి ఉండే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. అక్క కూతురిని చేసుకునే పద్ధతిలో అది నాలుగింట ఒక వంతు. సమాజంలో అయిదు వందల మందిలో ఒక్కరే వాహకుడిగా ఉండే అరుదైన జబ్బయితే, బయటి సంబంధంతో పోలిస్తే మేనరికంలో ముప్పు 60 రెట్లకు పైగా పెరుగుతుంది. సికిల్ జన్యువు పదిమందిలో ఒకరికి ఉన్నచోట బయటి అమ్మాయి వాహకురాలయ్యే అవకాశం ఎలాగూ 10 శాతం ఉంది. మేనరికంలో అది 21 శాతం వరకు పెరుగుతుంది, అంటే దాదాపు రెట్టింపు. అందుకే మేనరికం మానేస్తే సికిల్ సెల్ పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. జన్యువు విరివిగా ఉన్నచోట కులంలో పెళ్లి చేసుకోవడం చాలు.

ఛత్తీస్‌గఢ్‌లో మేనరికం అసలు లేదనీ కాదు. గోండుల్లో 'దూధ్ లౌటావా' అనే ఆచారం ఉంది. పాల రుణం తిరిగి ఇవ్వడం అని దాని అర్థం. ఒక ఇంటి నుంచి అమ్మాయిని ఇచ్చారు కాబట్టి తర్వాతి తరంలో ఆ ఇంటికి ఒక అమ్మాయి తిరిగి రావాలి. మన మేనరికానికి వెనకున్న ఆలోచనా దాదాపు ఇదే. గోండి కూడా తెలుగులాగే ద్రావిడ భాష అన్నది ఇక్కడ గుర్తుకు రాక మానదు.

తెలుగు ఇళ్లలో ఇదే లెక్క

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద దగ్గరి బంధువుల్లో జరిగిన పెళ్లిళ్లు 11 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అవి సుమారు నాలుగో వంతు. పాడేరు, అరకు ఏజెన్సీలోనూ, ఆదిలాబాద్ గోండు, కోలాం గూడేల్లోనూ సికిల్ జన్యువు ఉంది. కాబట్టి రాయ్‌పూర్ కథ మనకు పొరుగూరి కథేమీ కాదు.

కులంలో పెళ్లి ఒక్కటే ఎంత పని చేయగలదో చూపే ఉదాహరణ తెలుగువాళ్లలోనే ఇంకొకటి ఉంది. ఆపరేషన్ చేసేటప్పుడు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు మామూలుగా కొద్ది నిమిషాల్లో ప్రభావం కోల్పోతుంది. దాన్ని విరిచే ఎంజైమ్ లేనివాళ్లకు ఆ ప్రభావం గంటలకొద్దీ ఉండిపోతుంది, వాళ్లంతట వాళ్లు ఊపిరి తీసుకోలేరు. ఈ ఎంజైమ్ లోపం ఆర్య వైశ్యుల్లో ఇతరులకన్నా చాలా ఎక్కువని మత్తు వైద్యులకు ముందునుంచీ తెలుసు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన జన్యు అధ్యయనాలు దీనికి నేపథ్యం చెప్పాయి. ఈ సముదాయం రెండు మూడు వేల ఏళ్ల కిందట కొద్దిమంది మూలపురుషులతో మొదలై, అప్పటి నుంచి బయటి సంబంధాలు దాదాపు లేకుండా వచ్చింది. నేడు లక్షల్లో ఉన్నవాళ్లు కూడా జన్యుపరంగా దూరపు దాయాదులే. ఇందులో ఆ కులానికి చిన్నతనమేమీ లేదు. మన దేశంలో చాలా కులాలది ఇదే పరిస్థితి, వాటి అరుదైన జన్యువులు వేరే అంతే.

నుదుటి మీద పచ్చబొట్టు

లెక్క ఇంత తేలికైనప్పుడు వాహకులు వాహకులను పెళ్లి చేసుకోకుండా ఆపేస్తే సరిపోతుంది కదా? పాలింగ్ అంతటివాడే అలా అనుకున్నాడు. సికిల్ జన్యువున్న యువతీయువకుల నుదుటి మీద ఒక గుర్తు పచ్చబొట్టు పొడిపిస్తే, ఒకరినొకరు చూడగానే తెలిసిపోతుందని, అసలు ప్రేమలోనే పడరని 1968లో రాశాడు. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న మనిషి మాట అది. అణువు గురించి ఆయన చెప్పింది సరైనదే. మనుషుల సంగతి ఆయనకు అంతగా పట్టినట్టు లేదు.

మనుషులు ఏం చేస్తారో గ్రీసులోని ఓర్కొమెనోస్ చూపించింది. అక్కడ దాదాపు నలుగురిలో ఒకరు వాహకులు. ఊరందరికీ పరీక్షలు చేసి, వాహకులు ఒకరినొకరు చేసుకోవద్దని వివరంగా చెప్పారు. కొన్నేళ్ల తర్వాత వెళ్లి చూస్తే, వాహకుల మధ్య పెళ్లిళ్లు పరీక్షలే జరగకపోతే ఎన్ని ఉండేవో దాదాపు అన్నే ఉన్నాయి. మారిందల్లా ఒక్కటి. వాహకులంటే చిన్నచూపు ఏర్పడింది. సంబంధం చెడుతుందని జనం పరీక్ష ఫలితాన్ని దాచారు.

న్యూయార్క్‌లో సనాతన యూదుల పద్ధతి వేరు. నలుగురు పిల్లలను టే-సాక్స్ అనే జన్యువ్యాధికి పోగొట్టుకున్న రబ్బీ జోసెఫ్ ఎక్‌స్టీన్ 1983లో 'దోర్ యెషోరిమ్' అనే సంస్థను మొదలుపెట్టాడు. పెళ్లీడు పిల్లలు రక్తం ఇస్తారు, వాళ్లకు ఒక సంఖ్య మాత్రం ఇస్తారు. సంబంధం మాట్లాడేటప్పుడు రెండు వైపులవాళ్లూ ఆ సంఖ్యలు చెబితే, పొసగుతుందో లేదో ఒక్క ముక్కలో చెబుతారు. వాహకులెవరన్నది మామూలుగా బయటపెట్టరు. సంబంధాలు పెద్దలు కుదిర్చే సమాజానికి ఇది భలేగా అతికింది. సైప్రస్‌లో మరో దారి. అక్కడ తలసీమియా ఎక్కువ. చర్చిలో పెళ్లి కావాలంటే పరీక్ష చేయించుకున్నట్టు ధ్రువపత్రం తేవాలి. అది పెళ్లిని ఆపదు. ఇద్దరూ వాహకులని తేలిన జంటలు చాలావరకు పెళ్లి చేసుకుని, తర్వాత గర్భస్థ శిశువుకు పరీక్ష చేయించుకున్నాయి. జబ్బుతో పుట్టే పిల్లల సంఖ్య దాదాపు సున్నాకు చేరింది.

మన దేశంలో జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్‌ను 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధానమంత్రి ప్రారంభించారు. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు వయసున్న ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయడం, వాళ్లకు జన్యుస్థితి కార్డులు ఇవ్వడం, 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయడం లక్ష్యాలు. కార్డు మంచి ఆలోచనే. అయితే అది నుదుటి పచ్చబొట్టుగా మారకుండా చూసుకోవాలి. ఓర్కొమెనోస్ అనుభవం తెలిసినవాళ్లెవరైనా కార్డుల సంఖ్యకన్నా ముందు, కార్డు ఇస్తూ ఎంతసేపు కూర్చోబెట్టి మాట్లాడారని అడుగుతారు. అమ్మాయి కార్డు అడిగి, అబ్బాయి కార్డు చూపించని సంబంధాల్లో జన్యుశాస్త్రం లేదు, పాత పక్షపాతమే ఉంది. వాహకుడు వాహకుడు కానివాళ్లను చేసుకుంటే పిల్లలకు ఈ జబ్బు రాదు. రాయ్‌పూర్ అంకెల ప్రకారం వాహకులకు తమ చుట్టూ ఉన్న పదిమందిలో తొమ్మిదిమంది అలాంటి సంబంధాలే.

తప్పెవరిది అనే ప్రశ్న

బిడ్డకు జబ్బు తేలిన రోజు ఇంట్లో మొదట వినిపించే మాట, "మా వైపు ఎవరికీ లేదే!" ఆ వేలు సాధారణంగా కోడలి వైపే చూపిస్తుంది. కొడవలి కణ జబ్బున్న బిడ్డ పుట్టిందంటే మారిన జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాల్సిందే. తల్లి ఒక్కత్తే ఈ జబ్బును ఇవ్వలేదు.

ఇంతకన్నా సున్నితమైన పరిస్థితి ఇంకొకటి ఉంది. బిడ్డకు జబ్బు ఉంది. తల్లి వాహకురాలు. తండ్రికి సాల్యుబిలిటీ పరీక్ష చేస్తే సికిల్ లేదని వచ్చింది. ఇక ఆ ఇంట్లో ఎలాంటి అనుమానాలు లేస్తాయో వేరే చెప్పక్కర్లేదు. నిజానికి ఆ తండ్రి బీటా తలసీమియా వాహకుడు అయి ఉండొచ్చు. అది కూడా అదే బీటా గొలుసు జన్యువులోని లోపం. తల్లి నుంచి సికిల్, తండ్రి నుంచి తలసీమియా వస్తే బిడ్డలో కనిపించే జబ్బు సికిల్ జబ్బులాగే ఉంటుంది. సాల్యుబిలిటీ పరీక్షకు తలసీమియా కనిపించదు. రక్తంలో కొడవలి హిమోగ్లోబిన్ ఉందా లేదా అన్నదే అది చెబుతుంది, వాహకుడో రోగో కూడా చెప్పలేదు. తేల్చి చెప్పాలంటే హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్ చేయాలి. దేశంలో నూటికి ముగ్గురు నలుగురు బీటా తలసీమియా వాహకులే. రాయ్‌పూర్‌లో పెద్ద సంఖ్యలో ఉన్న సింధీల వంటి సముదాయాల్లో వాళ్లు ఇంకా ఎక్కువ. ఒక చౌక పరీక్ష కాగితాన్ని పట్టుకుని భార్యను అనుమానించడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఫలితాన్ని తల్లికీ తండ్రికీ విడివిడిగా, గోప్యంగా చెప్పాలన్న నియమం ఊరికే పెట్టింది కాదు.

పెళ్లయిపోయాక ఇద్దరూ వాహకులని తెలిస్తే దారులు మూసుకుపోవు. 10-12 వారాల గర్భంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి పిండానికి జబ్బుందో లేదో చెప్పగలరు. తర్వాత ఏం చేయాలన్నది ఆ దంపతుల నిర్ణయం. ఈ జబ్బుతో పుట్టిన పిల్లలకు చికిత్స కూడా ఉంది. హైడ్రాక్సీయూరియా మాత్ర గర్భస్థ దశలో ఉండే హిమోగ్లోబిన్‌ను మళ్లీ పెంచి నొప్పి దాడులను తగ్గిస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ వ్యాధి కూడా ఉంది. జన్యు సవరణతో చేసే క్రిస్పర్ చికిత్సకు అమెరికాలో 2023 డిసెంబరులో అనుమతి వచ్చింది. దాని ధర 22 లక్షల డాలర్లు. ఛత్తీస్‌గఢ్ రైతు కుటుంబానికి ప్రస్తుతానికి అది వార్త మాత్రమే.

అందుబాటులో ఉన్న శాశ్వత చికిత్స మూలుగ మార్పిడి. ఇక్కడ జన్యువులు తోబుట్టువుల మధ్యకు వస్తాయి. రోగనిరోధక జన్యువులు పూర్తిగా సరిపోయే దాత కావాలి. సొంత అన్నో చెల్లెలో అలా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ దాతకు జబ్బు ఉండకూడదు, ఆ అవకాశం నాలుగింట మూడు వంతులు. ఒకటి 6వ క్రోమోజోమ్ మీద, మరొకటి 11వ దాని మీద ఉన్నాయి కాబట్టి రెంటినీ గుణించవచ్చు: 16లో 3. దాత వాహకుడైనా ఫర్వాలేదు. జబ్బు లేని తోబుట్టువు వాహకుడయ్యే అవకాశం ఎలాగూ మూడింట రెండు వంతులు ఉంది. అందుకే ఒక బిడ్డకు జబ్బు తేలితే వైద్యులు మిగిలిన పిల్లలకూ, వాళ్ల పిన్ని, బాబాయి, మేనత్త, మేనమామల పిల్లలకూ పరీక్ష చేయించమంటారు. వాళ్లలో పెళ్లీడుకొచ్చినవాళ్లు ఉంటే, సంబంధాలు చూడటం మొదలుపెట్టకముందే.